ఒక్కచోటే 24 గంటల పరుగు: లెక్క తప్పని చుట్ల చరిత్ర

శుక్రవారం ఎండ దిగాక మా క్యాంపు గేటు దగ్గర నిలబడితే మనవాళ్ళు పది ఇరవై మంది కాంపౌండు గోడ వెంట చుట్టూ నడుస్తూ కనబడతారు. కొందరు ఇంటికి ఫోన్‌లో మాట్లాడుతూ నడుస్తారు. కొందరు షుగర్ ఉందని డాక్టరు చెప్పాడని నడుస్తారు. కొందరైతే రూములో ఎనిమిది మంది మధ్య కూర్చోలేక నడుస్తారు. వాళ్ళలో నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకడున్నాడు. మార్బుల్ పని చేస్తాడు. ఎడమ జేబులో ఖర్జూరం గింజలు పోసుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోకి మార్చుకుంటాడు.

"నడక నడకే కదా తమ్ముడూ, లెక్క దేనికి?" అని ఒకరోజు అడిగాం.

"మా గంటల లెక్క మీరు రాస్తరు గద సార్. గీ చుట్ల లెక్కన్న నా దగ్గర ఉండనియ్యిండ్రి" అన్నాడు.

మేము ముగ్గురం సైట్ ఆఫీసు గుమాస్తాలం. ఇంటర్ దాకా చదివి, టైపు నేర్చుకుని ఈ దేశం వచ్చినవాళ్ళం. కూలీల టైమ్‌షీట్లు ఎక్కించేది మేమే. కాబట్టి ఆ మాట మమ్మల్ని ఎక్కడో గుచ్చింది. ఎందుకు గుచ్చిందో చివరలో చెబుతాం.

ఆ రాత్రి మెస్‌లో ఈ సంగతే మాట్లాడుకుంటుంటే ఒకాయన, "ఒక్కకాడనే తిరుగుడు గానుగెద్దు పని" అన్నాడు. నిజానికి గానుగెద్దులాగా ఒకే చోట రాత్రీ పగలూ తిరిగే పోటీలు ప్రపంచంలో ఉన్నాయి. ఈనాటివి కూడా కావు, నూట నలభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనలాంటి వలస కూలీలు, కొట్లలో పనిచేసేవాళ్ళు, చిన్న ఉద్యోగులే ఎక్కువ. అందుకే ఈ వారం ఆ కథ రాస్తున్నాం.

పోటీ ఏమిటి?

మామూలు పరుగు పందెంలో దూరం ఖాయం, ఎవరు ముందు చేరితే వారు గెలిచినట్టు. ఇందులో తలకిందులు. సమయం ఖాయం, ఇరవై నాలుగు గంటలు. ఆ లోపల ఎవరు ఎక్కువ దూరం వెళ్తే వారు గెలుస్తారు. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ మీదో, పార్కులో కిలోమీటరు రెండు కిలోమీటర్ల దారి మీదో అదే చుట్టు తిరుగుతూ ఉండాలి. పరుగెత్తవచ్చు, నడవవచ్చు, కూర్చోవచ్చు, పడుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు.

చుట్టు తిరగడం మనకు కొత్త కాదు. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేస్తారు. హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడి సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి చెప్పక్కర్లేదు. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి 108. అక్కడ చేతిలో 108 అంకెలున్న చీటీ పట్టుకుని, ఒక్కో చుట్టుకీ ఒక్కో అంకె కొట్టేస్తూ తిరుగుతారు. మనలో ఎందరో విమానం ఎక్కే ముందు చేసిన చివరి పని అదే. ఆ చీటీ సంగతి గుర్తు పెట్టుకోండి, కథలో మళ్ళీ అవసరం పడుతుంది.

పందెం కట్టి ఓడిన వెస్టన్

అమెరికాలో ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్ అనే యువకుడు 1860 ఎన్నికల్లో లింకన్ గెలవడని పందెం కట్టాడు. ఓడినవాడు బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా నడవాలని షరతు. లింకన్ గెలిచాడు. 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం వేళకు చేరాలని వెస్టన్ దాదాపు 478 మైళ్ళు, అంటే 769 కిలోమీటర్లు నడిచాడు. కొన్ని గంటలు ఆలస్యంగా చేరాడు. అయినా దేశమంతా పేరు మోగిపోయింది. తర్వాత న్యూయార్క్‌లో పత్రికాఫీసులో కబుర్లు మోసే పనిలో చేరాడు. చివరికి నడకే వృత్తి చేసుకున్నాడు.

రోడ్డు మీద నడిచేవాణ్ణి చూడడానికి టికెట్టు పెట్టలేరు. హాలులో చుట్టూ తిప్పితే పెట్టగలరు. ఒక్కచోటే తిరిగే పోటీలు పుట్టడానికి అసలు కారణం ఇదే. 1874 డిసెంబరులో నెవార్క్ ఊళ్ళో వెస్టన్ హాలులోపల ఆరు రోజుల్లో 500 మైళ్ళు నడిచి చూపించాడు. ఆరు రోజులే ఎందుకంటే, ఏడో రోజు ఆదివారం. అప్పట్లో అక్కడ ఆ రోజు ఆటలు, వినోదాలు పెట్టడం తప్పు. అందుకని ఆదివారం అర్ధరాత్రి దాటగానే మొదలుపెట్టి శనివారం రాత్రికి ముగించేవారు.

పుస్తకాలమ్మే వలస మనిషి

వెస్టన్‌ని ఓడించినవాడు మనలాంటి వలస మనిషి. పేరు డేనియల్ ఓ'లియరీ. ఐర్లండులో పుట్టి, బతుకుదెరువుకు అమెరికా వెళ్ళి, చికాగోలో ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. రోజంతా నడిచే ఉద్యోగం కదా, ఆ కాళ్ళే పెట్టుబడి. 1875లో చికాగోలో ఇద్దరికీ పోటీ పెడితే ఆరు రోజుల్లో ఓ'లియరీ 503 మైళ్ళు, వెస్టన్ 451 మైళ్ళు చేశారు.

1878 మార్చిలో లండన్‌లోని అగ్రికల్చరల్ హాలులో సర్ జాన్ ఆస్ట్లీ అనే దొర ప్రపంచ చాంపియన్ బెల్టు పెట్టి పోటీ నడిపించాడు. ఎలాగైనా వెళ్ళవచ్చు, పరుగో నడకో మీ ఇష్టం అన్నది నియమం. మన ఓ'లియరీయే గెలిచాడు, 520 మైళ్ళు. కిలోమీటర్లలో 837. హాలులో మట్టీ రంపపు పొట్టూ కలిపి ట్రాక్ వేసేవారు. మైలు పూర్తికావాలంటే ఏడెనిమిది చుట్లు తిరగాలి. పైన గ్యాస్ దీపాలు, చుట్టూ చుట్టలు కాల్చే జనం. ఆ పొగలోనే ఆరు రోజులు తినడం, పరుగెత్తడం, ట్రాక్ పక్కన చిన్న గుడారంలో గంటో రెండు గంటలో పడుకుని మళ్ళీ లేవడం.

మరుసటి ఏడు 1879 మార్చిలో న్యూయార్క్‌లో ఆ బెల్టును ఇంగ్లండు కుర్రాడు చార్లెస్ రోవెల్ గెలిచాడు. పడవల దగ్గర పనిచేసిన పొట్టివాడు. టికెట్ల డబ్బులో అతని వాటా 18 వేల డాలర్ల పైన వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి కూలీకి రోజుకు దక్కేది ఒకటి, ఒకటిన్నర డాలరు. ఆ కూలి లెక్కన దశాబ్దాల సంపాదన వారంలో చేతికొచ్చింది. అంత డబ్బుందని తెలిశాక ఎవరు ఊరుకుంటారు? ఊరూరా పోటీలు వెలిశాయి.

ఆడవాళ్ళూ వెనక పడలేదు. ఏడా ఆండర్సన్ అనే ఇంగ్లండు మహిళ బ్రూక్లిన్‌లో ప్రతి పావుగంటకూ పావు మైలు చొప్పున 2,700 పావుగంటలు నడిచింది. 1878 డిసెంబరులో మొదలుపెట్టి 1879 జనవరిలో ముగించింది. లెక్క వేసుకోండి, 28 రోజులు ఒక్కసారి కూడా వరసగా పావుగంట నిద్ర లేదు.

నల్లజాతి చాంపియన్ హార్ట్

ఈ చరిత్రలో మాకు బాగా దగ్గరగా అనిపించిన మనిషి ఫ్రాంక్ హార్ట్. హైతీలో పుట్టి, చిన్నప్పుడే బోస్టన్ చేరి, కిరాణా కొట్టులో పనిచేసినవాడు. నల్లజాతివాడు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం పోయి అప్పటికి పదిహేనేళ్ళే. ఓ'లియరీ అతనిలోని సత్తా చూసి చేరదీసి శిక్షణ ఇచ్చాడు. 1880 ఏప్రిల్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల్లో 565 మైళ్ళు చేసి హార్ట్ గెలిచాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. వేల డాలర్లు వచ్చాయి. గ్యాలరీలోంచి తిట్లు కూడా వచ్చేవి, తోటి పోటీదారుల్లో కొందరు చేయి కలపడానికి ఇష్టపడేవారు కాదు. ఆ డబ్బు నిలవలేదు. 1908లో చికాగోలో పేదవాడిగానే చనిపోయాడు. ఇంటికి డబ్బు పంపాక మన చేతిలో ఎంత మిగిలిందో చూసుకునే ప్రతి నెలాఖరునా ఈయన గుర్తుకు రావాల్సిన మనిషే.

మొదటి రోజు మొనగాడు

ఇప్పుడు అసలు 24 గంటల సంగతికి వద్దాం. 1882లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పోటీ జరిగింది. రోవెల్ మొదటి రోజే 150 మైళ్ళ 395 గజాలు పరుగెత్తాడు. కిలోమీటర్లలో దాదాపు 242. ఒక్క రోజులో మనిషి అంత దూరం వెళ్ళగలడని అంతవరకూ ఎవరూ అనుకోలేదు. కానీ పోటీ ఆరు రోజులది. మధ్యలో అతను పొరపాటున ఏదో అనుకుని వెనిగర్ గటగటా తాగేశాడని, కడుపు చెడి పోటీ వదిలేశాడని చెబుతారు. జార్జ్ హేజెల్ 600 మైళ్ళు చేసి గెలిచాడు. గిన్నె అందించేవాడు జాగ్రత్తగా లేకపోతే పరుగెత్తేవాడు ఎంత గొప్పవాడైనా ఏం లాభం?

1888లో షెఫీల్డ్ వాడు జార్జ్ లిటిల్‌వుడ్ అదే న్యూయార్క్ హాలులో ఆరు రోజుల్లో 623 మైళ్ళ ముప్పావు చేశాడు. వెయ్యి కిలోమీటర్లు దాటింది. ఆ తర్వాత ఈ పోటీలు మెల్లగా చచ్చిపోయాయి. జూదగాళ్ళు చేరి ముందే ఫలితాలు మాట్లాడుకుంటున్నారన్న అనుమానం పెరిగింది. చూసేవాళ్ళకు మొహం మొత్తింది. 1891లో అదే హాలులోకి ఆరు రోజుల సైకిల్ పోటీలు వచ్చాక జనం అటు మళ్ళారు.

ట్రాక్ మీదికి మళ్ళీ

ఆట చచ్చినా చుట్టు పూర్తిగా ఆగలేదు. ఇంగ్లండులో పుట్టి దక్షిణాఫ్రికాలో వ్యవసాయం చేసిన ఆర్థర్ న్యూటన్ 39 ఏళ్ళ వయసులో అక్కడి కామ్రేడ్స్ పరుగులో దిగి ఐదుసార్లు గెలిచాడు. 1931లో కెనడాలోని హామిల్టన్‌లో 24 గంటల్లో 152 మైళ్ళ 540 గజాలు చేశాడు. అప్పుడాయన వయసు 47. రోవెల్ లెక్కను దాటడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టిందన్నమాట. 1953లో లండన్ మాట్స్‌పర్ పార్కులో దక్షిణాఫ్రికా మనిషి వాలీ హేవర్డ్ 159 మైళ్ళ 562 గజాలు చేశాడు. ఆయనకు 45. ఈ హేవర్డే 1988లో 79 ఏళ్ళ వయసులో 90 కిలోమీటర్లకు దగ్గరగా ఉండే కామ్రేడ్స్ పరుగును పది గంటల లోపే ముగించాడు. 1973లో ఇంగ్లండులో రాన్ బెంట్లీ 161 మైళ్ళ 545 గజాలు చేశాడు. 

వయసులు చూశారా? ముప్పై దాటితే కాళ్ళు అయిపోయినట్టే అని మన క్యాంపుల్లో అంటుంటారు. ఈ ఆటలో ముప్పై అయిదు దాటాకే మొదలుపెట్టినవాళ్ళు ఎందరో. దూడకున్న దూకుడు ఇక్కడ పనికిరాదు, ఎద్దుకున్న ఓపిక కావాలి.

ఆ తర్వాత వచ్చినవాడు గ్రీసు దేశపు యానిస్ కూరోస్. 1984లో న్యూయార్క్‌లో ఆరు రోజుల్లో 635 మైళ్ళు చేసి, 96 ఏళ్ళుగా నిలిచిన లిటిల్‌వుడ్ లెక్కను చెరిపేశాడు. 1997 అక్టోబరులో ఆస్ట్రేలియా అడిలైడ్‌లో 24 గంటల్లో 303.506 కిలోమీటర్లు పరుగెత్తాడు. 400 మీటర్ల ట్రాక్ మీద 758 చుట్ల పైమాటే. ఇక దీన్ని దాటేవాడు పుట్టడని అందరూ అన్నారు. 24 ఏళ్ళు ఆ మాట నిలిచింది.

దాటినవాడు లిథువేనియా మనిషి అలెగ్జాండర్ సొరోకిన్. కాసినోలో పనిచేసేవాడు. ఒళ్ళు పెరిగిపోయిందని 2013లో, ముప్పై దాటాక, పరుగు మొదలుపెట్టాడు. 2021 ఆగస్టులో పోలండులో 309.399 కిలోమీటర్లు చేశాడు. 2022 సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో 319.614 కిలోమీటర్లు చేశాడు. అంటే 24 గంటల పాటు సగటున నాలుగున్నర నిమిషాలకు ఒక కిలోమీటరు. తినడం, తాగడం అన్నీ అందులోనే. మహిళల్లో జపాన్‌కు చెందిన మిహో నకాటా 2023 డిసెంబరులో తైపేలో 270.363 కిలోమీటర్లు చేసి ప్రపంచ పోటీ గెలిచింది.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 జులైలో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆసియా ఓషియానియా 24 గంటల పోటీలు జరిగాయి. పురుషుల్లో అమర్ సింగ్ దేవండా 257.618 కిలోమీటర్లు చేసి మొదటి స్థానంలో నిలిచాడు. జట్టుగా కూడా ఇండియాదే మొదటి స్థానం. 1953లో హేవర్డ్ ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన దూరం కంటే అది ఎక్కువ.

చుట్టు ఎవరు లెక్కపెడతారు?

గుమాస్తాలం కాబట్టి మా కళ్ళు మాత్రం పరుగు కంటే లెక్క మీదికే పోయాయి. పాత రోజుల్లో ట్రాక్ పక్కన బల్లలు వేసి లెక్కగాళ్ళను కూర్చోబెట్టేవారు. మనిషి ముందు నుంచి పోగానే కాగితం మీద ఒక గీత. జనానికి తెలిసేలా పైన బోర్డు మీద అంకె మార్చేవారు. రాత్రి మూడు గంటలకు లెక్కగాడు కునుకు తీస్తే? ఆ చుట్టు పోయినట్టే. కాళ్ళు తిరిగాయి, చెమట కారింది, కానీ కాగితం మీద లేదు కాబట్టి జరగనట్టే లెక్క. అందుకే పరుగెత్తేవాళ్ళు లెక్కగాడి ముందు నుంచి పోతూ తమ నంబరు అరిచి చెప్పడం, తమ మనుషుల చేత విడిగా లెక్క రాయించుకోవడం చేసేవారు.

ఇప్పుడు కాలికి చిన్న చిప్పు కడతారు. చాప మీద అడుగు పడగానే కంప్యూటరులో చుట్టు పడుతుంది. ట్రాక్ మీద అయితే ఒకే వైపు తిరిగితే ఒక కాలి మీదే బరువు పడుతుందని కొన్ని గంటలకోసారి తిరిగే దిక్కు మారుస్తారు. సమయం ముగిసిన చప్పుడు వినబడగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే ఆగి, తమ నంబరున్న గుర్తు నేల మీద పెడతారు. తర్వాత అధికారులు చక్రం దొర్లిస్తూ వచ్చి ఆ చివరి ముక్క కూడా కొలుస్తారు. రెండు వందల కిలోమీటర్లు పరుగెత్తినవాడికి చివరి యాభై మీటర్లు కూడా వదలకుండా రాస్తారు. ఈ ఒక్క పద్ధతి చదివినప్పుడు మా ముగ్గురికీ నోట మాట రాలేదు.

ఒళ్ళు మరిచిపోవద్దు

ఈ కథ చదివి ఎవరూ రేపు డ్యూటీ దిగగానే గేటు బయట పరుగు లంకించుకోవద్దు. ఆ పోటీలకు వెళ్ళేవాళ్ళు ఏళ్ళ తరబడి అలవాటు చేసుకుంటారు, పక్కన తిండీ నీళ్ళూ చూసే మనుషులుంటారు. ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయట పని ఆపాలని గల్ఫ్ దేశాల్లో నిబంధన పెట్టింది ఊరికే కాదు. నడక అయినా ఎండ దిగాకే. ఒట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో ఉప్పు శాతం పడిపోతుంది, అదీ ప్రమాదమే. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మనకు తెలిసిన మందులే. ఒళ్ళు నొప్పులని నొప్పి మాత్రలు మింగి, నీళ్ళు తాగకుండా కష్టపడితే కిడ్నీలు దెబ్బతింటాయి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు తిరిగినా ఆగి నీడకు రండి, తగ్గకపోతే క్లినిక్‌కు వెళ్ళండి. పెద్ద పెద్ద చాంపియన్లు కూడా ఒళ్ళు వద్దన్నప్పుడు పోటీ వదిలి కూర్చున్నవాళ్ళే. అది ఓటమి కాదు.

మా తప్పు

మొదట్లో చెబుతామన్న మాట ఇది. రెండేళ్ళ కిందట ఒక నెల ఆ మార్బుల్ తమ్ముడి జీతంలో 11 గంటల ఓవర్‌టైమ్ పడలేదు. ఫోర్‌మన్ పుస్తకంలో ఉంది. మేము కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఒక వరస జారిపోయింది. అతను వచ్చి అడిగితే, "సిస్టమ్‌లో లేదు తమ్ముడూ" అన్నాం. రెండోసారి వచ్చినా అదే మాట. పుస్తకం తీసి చూడడానికి బద్ధకం. మూడోసారి చిన్న డైరీ పట్టుకొచ్చాడు. తేదీ, ఎన్ని గంటలు, ఏ బ్లాకు, ఏ అంతస్తు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. అప్పుడు పుస్తకం తీశాం. ఉంది. తర్వాతి నెల డబ్బు వచ్చింది. అప్పుడు కూడా మేము "పొరపాటైంది" అన్నామే కానీ, తప్పు మాది అని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం.

అన్నలారా, తమ్ముళ్ళారా, చిలుకూరులో చీటీ మీద అంకె కొట్టుకుంటూ తిరిగిన చేతులే మీవి. పని గంటలకు కూడా ఒక చీటీ పెట్టుకోండి. పది రూపాయల డైరీ చాలు. రోజూ పడుకునే ముందు ఒక్క వరస రాయండి, చదువు రానివాళ్ళు రూమ్మేట్ చేత రాయించుకోండి. జీతం కాగితం వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే మా కిటికీ దగ్గరికి రండి. మేము పుస్తకం తీస్తాం.

పోయిన శుక్రవారం మేము కూడా నోటుబుక్కు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాం. తమ్ముడు ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక గీత గీశాం. చీకటి పడ్డాక వచ్చి పక్కన కూర్చుని కుడి జేబులోంచి గింజలు తీసి పరిచాడు. మా లెక్క 14. గింజలు 15. నడుమ మాలో ఒకరికి ఇంటి నుంచి ఫోను వచ్చి అందరం అటు తిరిగాం. ఒక గీత కలిపి, 15 అని దిద్దుకున్నాం.